ఒక బండి, రెండు నంబర్లు, మూడు పేర్లు

యాభై దాటిన మగవాడికి మూడు రోగాలొస్తాయి: బీపీ, షుగర్, బుల్లెట్. మొదటి రెండింటికి సర్కారు దవాఖానలో గోలీలిస్తారు. మూడోదానికి మందు లేదు. మీకూ ఉండే ఉంటుంది, దాచుకోకండి. రోడ్డు మీద దుగ్‌దుగ్ మని వినబడగానే చదువుతున్న పేపరు దించి ఎవరా అని చూస్తారా, చూడరా? చూస్తే అంటుకున్నట్టే.

నాకు అంటుకుని చాలా కాలమైంది. మా చిన్నప్పుడు బుల్లెట్ అంటే అయితే ఎస్సైది, కాకపోతే పటేల్‌ది. సైకిల్ కూడా గంటకింత అని కిరాయికి తెచ్చుకునే మేము, ఆ చప్పుడు వింటే గోలీలాట ఆపేసి నిక్కరు సర్దుకుని నిలబడేవాళ్లం. పెద్దయ్యాక కొంటానని అప్పుడే అనుకున్నాను. పెద్దయ్యాను. సర్కారు బడిలో సారునయ్యాను. స్ప్లెండర్ కొన్నాను. మంచి బండి. ఎన్నడూ ఆగదు, ఎన్నడూ సతాయించదు, దాని మీద పోయేవాణ్ని ఎన్నడూ ఎవరూ తిరిగి చూడరు. ఆ చివరిదే నా బాధ.

కొత్త బుల్లెట్ కొందామంటే బిడ్డ బీటెక్ ఫీజు ఎదురుగా నిలబడింది. ఇక మిగిలింది పాతది. పాతదానికి బీదర్‌ను మించిన జాగా ఏముంది?

కోహీర్ వాళ్లకు బీదర్ పరాయి ఊరని చెప్తే మా తాత నవ్వేవాడు. నిజాం కాలంలో మా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. పట్టా పని పడినా, కోర్టు పని పడినా బీదరే. 1956లో భాషా రాష్ట్రాలు చేసినప్పుడు మమ్మల్ని మెదక్‌లో కలిపారు, బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. 1973లో ఆ మైసూరు కర్ణాటక అయింది. మేం ఆంధ్రప్రదేశ్ నుంచి 2014లో తెలంగాణ అయ్యాం, 2016లో మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లా అయ్యాం. ఇన్నిసార్లు ఇల్లు కదలకుండా రాష్ట్రం మారాం, జిల్లా మారాం. ఒక్కసారైనా మమ్మల్ని ఎవరూ ఎన్‌ఓసీ అడగలేదు. అడిగేది బండినేనని నాకు అప్పటికి తెలియదు.

మా అత్తగారిది భాల్కి, బీదర్ జిల్లా. అక్కడ ఓ దినానికి ఒక్కణ్నే పోయి వస్తూ బీదర్‌లో టీ తాగుదామని ఆగాను. పక్కన మెకానిక్ షెడ్డు. షెడ్డు ముందర నల్లటి బుల్లెట్. ట్యాంకు మీద బంగారు గీతలు. నన్నే చూస్తున్నట్టుంది. మెకానిక్ మనిషిని చూడగానే రోగం కనిపెట్టే రకం.

"92 మోడల్, సాబ్. కేఏ 38. కాయితాలన్నీ క్లియర్. కూసోండ్రి, చాయ్ తాగుదురు."

గోనెసంచి పరిచిన ఒక దిమ్మె మీద కూర్చోబెట్టి చాయ్ చేతికిచ్చాడు. నేను అన్నీ తెలిసినవాడిలా కాలు మీద కాలేసుకుని అడిగాను: "ఇంజన్ ఎట్లుంది?"

"ఇంజన్ కొత్తది, సాబ్."

ఆ మాట ఎంత బాగా వినిపించిందో! ముప్పై ఏళ్ల బండిలో ఇంజన్ కొత్తదానిలా ఉందంటే ఎంత బాగా చూసుకుని ఉంటారు! వెంటనే ఫోన్లోనే డబ్బు కొట్టేశాను. దారి పొడుగునా లెక్క వేసుకుని, ఇంట్లో చెప్పాల్సిన ధరలో పదిహేను వేలు తగ్గించాను. బ్యాంకు మెసేజ్ మా ఇంటామె ఫోన్‌కూ పోతుందని ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది. ఆమె నేను చెప్పిన ధర చివరిదాకా విని, "మిగిలిన పదిహేను వేలు మెకానిక్‌కు పండుగ మామూలా?" అని అడిగి వంటింట్లోకి పోయింది.

ఈ పాత బుల్లెట్‌కు కొన్ని పద్ధతులున్నాయి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మనకేమో స్ప్లెండర్ చదువు. మొదటిరోజు కోహీర్ చౌరస్తా దగ్గర గొర్ల మంద అడ్డమొస్తే బ్రేకనుకుని గేరు తొక్కాను. గొర్లే తెలివిగలవి, తప్పుకున్నాయి.

స్టార్ట్ చేయడం ఇంకో విద్య. తాళం తిప్పాలి. కిక్‌రాడ్‌ను మెల్లగా తొక్కుతూ హెడ్‌లైట్ మీదున్న అమ్మీటర్ ముల్లు చూడాలి. ముల్లు నడిమికి రాగానే ఆగాలి. ఎడమచేతి కింది చిన్న లీవరు నొక్కిపట్టి కిక్‌ను ఇంకో పిసరు దించాలి. లీవరు వదలాలి, కిక్‌ను పైకి రానియ్యాలి, అప్పుడు ఒక్క తన్ను. ఈ వరసలో ఎక్కడ తప్పినా కిక్‌రాడ్ తిరిగి మనల్నే తంతుంది. బడి ముందర నా పిక్క పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతుంటే పదో తరగతి పిల్లలు గౌరవంగా వచ్చి, "నూకుదుమా సార్?" అన్నారు. మా బిడ్డ యూట్యూబ్‌లో ఒకసారి చూసి, చెప్పులతోనే ఒక్క తన్నుకు స్టార్ట్ చేసింది. "ముల్లు చూడాలె నాయినా, చుట్టూ ఎవరు చూస్తుండ్రో చూడొద్దు" అంది.

బండి ఇంటి ముందుకొచ్చిన ఆదివారం మా ఇంటామె బియ్యం ఏరుకుంటూ ఆర్సీ అడిగింది. ఆమెకు కాగితం అంటే దేవుడి పటమంత లెక్క. చదివి, కళ్లద్దాలు ముక్కు మీదికి జరిపి బండిని చూసింది.

"ఇండ్ల ఎన్‌ఫీల్డ్ ఇండియా అని ఉన్నది. ట్యాంకు మీద రాయల్ ఎన్‌ఫీల్డ్ అని ఉన్నది. కంపెనీ పేరే కలుస్తలేదు గద?"

ఇట్లాంటి అవకాశం కోసమే కదా సార్లు బతికేది! పాఠం మొదలుపెట్టాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ అసలు ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు దాంతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మన మిలిటరీవాళ్లకు ఈ బండ్లు తెగ నచ్చాయి. రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడినా మద్రాసు ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. 1994లో ఐషర్ వాళ్ల చేతికొచ్చింది. ఆ తర్వాతే మన బండ్ల మీద 'రాయల్' అన్న పేరు...

"ఆ తర్వాతనా?"

"ఆ తర్వాతే."

"అయితే బండి 92ది, ట్యాంకు ఆ తర్వాతది."

నా పాఠమే నా మీద సాక్ష్యం చెప్పింది. బియ్యంలో రాయి తీసి పారేసి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ముందు మడ్గార్డు ఒక నలుపు, వెనకది ఇంకో నలుపు. ఇండికేటర్లు నా స్ప్లెండర్ మీద ఉన్నవే. సీటు ఏ బండిదో సీటుకే తెలియదు. "ఇది బండి కాదు, సారూ. ఇది బండ్ల సంఘం" అంది.

ఇక నంబరు సంగతి. వేరే రాష్ట్రం బండి మన దగ్గర 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. దానికి ముందు పాత రాష్ట్రం నుంచి ఫారం 28 పెట్టి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. నేను ఆ 12 నెలలను పట్టుకుని కూర్చున్నాను. ఏడాది గడువుంది కదా, తొందరేముంది? పైగా మా కోహీర్, జహీరాబాద్ రోడ్ల మీద కేఏ 38 బండ్లు కొల్లలు. ఇంట్లో నా స్ప్లెండర్ ఇంకా ఏపీ 23 మీదే తిరుగుతోంది. దాని తర్వాత టీఎస్ 15 వచ్చింది, 2024లో టీజీ 15 కూడా వచ్చింది, దాన్నెవరూ ఏమీ అనలేదు.

మా ఇంటామె ఒప్పుకోలేదు. "నేను గూడ బీదర్ జిల్లా నుంచే వస్తి. ఏడాది ఆగిన్నా? వచ్చిన నెలల్నే రేషన్ కార్డుల పేరెక్కించుకున్న, ఓటరు లిస్టుల ఎక్కించుకున్న. తర్వాత ఆధార్ వచ్చె, పాన్ వచ్చె, అన్నిట్ల ఒక్కటే పేరు, ఒక్కటే స్పెల్లింగు. మీకేం ఖర్చు రాలే, ఏ ఆఫీసుకూ తిప్పలే. ఒక్క మోటర్‌సైకిల్‌కు చేయించలేరా? నేనన్న ఒక్కటే కంపెనీ సామాను."

బీదర్‌కు ఫోన్ చేస్తే, ఎన్‌ఓసీ దరఖాస్తుకు చాసిస్ ప్రింటు, ఇంజన్ ప్రింటు కావాలన్నారు. నంబరు చెక్కిన చోట కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి మనందరం చేసిన పనే. కిరసనాయిలు గుడ్డతో హ్యాండిల్ కింద బండి మెడ తుడిచాను. పాత టూత్‌బ్రష్‌తో జిడ్డు గీకాను. బడి నుంచి తెచ్చిన పెన్సిల్‌ను బిడ్డ పడుకోబెట్టి రుద్దుతుంటే, నల్లటి మసక మధ్యలో తెల్లటి అంకెలు ఒక్కొక్కటే లేచాయి. ఆమె చదివింది. మా ఇంటామె ఆర్సీలో వేలు పెట్టి చూసుకుంది. అన్నీ కలిశాయి. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను, చేతికి గ్రీజుందని మరిచిపోయి.

తర్వాత ఇంజన్. సిలిండర్ కింద, ఎడమపక్క. మళ్లీ కిరసనాయిలు, మళ్లీ పెన్సిల్. బిడ్డ చదివింది. మా ఇంటామె మాట్లాడలేదు. మళ్లీ చదవమంది. మళ్లీ చదివింది.

"మొదటి అంకె కలిసింది" అంది మా ఇంటామె.

"ఆర్సీలో క్లర్కు తప్పు రాసుంటాడు" అన్నాను.

"అన్ని అంకెలూ తప్పు రాసిండా? మరి ఆ మొదటిదెందుకు విడిచిపెట్టిండు?"

ఊళ్లో వాళ్లంతా ఏజెంటును పట్టుకొమ్మన్నారు. నేను పిల్లలకు నీతి చెప్పే సారును కనక నేరుగా బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికే పోయాను. కాగితాల మీద ఆయన మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు, మన నోట్లో బ్రేకు ఇన్‌స్పెక్టరు. చల్లటి మనిషి. ప్రింట్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని, చాలామందిని చూసినవాడిలా నవ్వాడు.

"సార్, ఇది ఒక్క బండి కాదు. చాసిస్‌ది ఒక కథ, ఇంజన్‌ది ఒక కథ. నేను ఎవలికి నంబరియ్యాలె?"

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. ట్యాంకు, సీటు, మడ్గార్డు మార్చుకుంటే అది వేరే సంగతి. వాటికి నంబర్లుండవు. బండిని బండిగా గుర్తుపట్టేది ఈ రెండు నంబర్లతోనే. దొంగతనం పట్టుకునేదీ, యాక్సిడెంటైతే ఇన్సూరెన్సు తేల్చేదీ వీటితోనే. ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో ఆఫీసుకు చెప్పి ఆర్సీలో రాయించుకోవాలని 52వ సెక్షన్. అదీ బండి రిజిస్టరైన చోట తేలాలి. "ఈ ఇంజన్‌కు బిల్లున్నదా?" అని అడిగాడు. బిల్లు సంగతి దేవుడెరుగు, నాకు ఇంజన్ సంగతే తెలియదు.

"దొంగబండి ఇంజన్ అయితే ఎట్ల నాయినా?" అంది బిడ్డ రాత్రి అన్నం తినేటప్పుడు. ఢిల్లీలో నేర రికార్డుల బ్యూరో ఉందట. ఎత్తుకుపోయిన బండ్ల ఇంజన్ నంబర్లు కూడా అక్కడుంటాయట. ఎన్‌ఓసీకి ముందు అందులో చూస్తారట. ఆ రాత్రి మా వాడకు ఏ జీపొచ్చినా నేనే ముందు లేచాను. ఒకటి పాలవ్యాను, ఒకటి పెళ్లివాళ్లది.

నేను ఊరుకునే రకం కాదు. ఓడిపోయేటప్పుడు కూడా పాయింట్లు వెతుక్కుంటాను. 2021లో కేంద్రం పాతకాలపు బండ్లకు వేరే రూల్ తెచ్చిందని చదివాను. నంబరు నడుమ 'వీఏ' అని రెండక్షరాలతో ప్లేటు ఇస్తారు, కొత్తగా రిజిస్టర్ చేయడానికి ఫీజు 20,000 రూపాయలు. ముసలి బండికి సన్మానం! సంతోషంగా ప్రకటించాను.

బిడ్డ ఫోన్‌లో చూసింది. "యాభై ఏండ్లు నిండాలె నాయినా. మనది 2042ల నిండుతది. ఇంకోటి, బండి అసలు రూపంలనే ఉండాలంట. చాసిస్, ఇంజన్ మార్చొద్దంట."

"2042ల మీకెన్నేండ్లు?" అని మా ఇంటామె పప్పు వడ్డిస్తూ అడిగింది. లెక్క నేనే చేసుకోవాలని వదిలేసింది.

వాట్సాప్‌లో ఎవరో, బండ్లు ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చని కేరళ హైకోర్టు చెప్పిందని పంపారు. ప్రింటు తీసుకుని ఇంటికి ఊపుకుంటూ వచ్చాను. బిడ్డ మళ్లీ ఫోన్ తీసింది. ఆ తీర్పును 2019 జనవరిలోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని చెప్పింది. ఇంట్లో మనకంటే ఎక్కువ చదువుకున్నవాళ్లుంటే ఇదీ గతి. ఫీజు మనదే, దెబ్బా మనకే.

చివరికి బీదర్‌కు పోయి మెకానిక్‌ను నిలదీయాలని తేల్చాను. మా ఇంటామె, "నేనూ వస్త" అంది. కోహీర్ దక్కన్ స్టేషన్‌లో రైలెక్కుదామన్నాను. వద్దంది, బస్సే అంది. ఆమెకు మహాలక్ష్మి కింద తెలంగాణ పొలిమేర దాకా టికెట్ లేదు. నాకుంది. పొలిమేర దాటాక ఆమెకూ పడింది. కర్ణాటకలో శక్తి పథకం 2023 నుంచి ఉంది గానీ, అది అక్కడి ఆడవాళ్లకే. "పుట్టింటి జిల్లాలనే టికెట్ కొనవట్టె. ఎవరి బండి కోసమో" అని ఆ టికెట్టు మడిచి నా చొక్కా జేబులోనే పెట్టింది.

మెకానిక్‌కు ఇవ్వడానికి నేనో సంచీ కోహీర్ జామకాయలు తీసుకున్నాను. నోట్లో 47, 52 సెక్షన్లు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. షెడ్డులో అడుగుపెట్టగానే సెక్షన్లు మొదలుపెట్టాను. ఆయన వింటూ జామకాయ కొరికాడు, చాయ్ తెమ్మని పిల్లవాణ్ని పంపాడు. నేను సుప్రీంకోర్టు దాకా వచ్చి ఊపిరి తీసుకున్నప్పుడు అన్నాడు: "సాబ్, నేను మొదటి రోజే చెప్పిన గదా, ఇంజన్ కొత్తదని."

కొత్తదానిలా ఉందని కాదు. కొత్తగా వేశానని. మనిషి అబద్ధమే ఆడలేదు. నా దగ్గర ఇంకో సెక్షన్ లేదు.

అప్పుడు మా ఇంటామె నోరు విప్పింది. కన్నడంలో, పుట్టింటి యాసలో, పెద్దన్నను అడిగినట్టు అడిగింది: "అణ్ణా, ఖరే ఇంజిన్ ఎల్లి అదరీ?"

కొత్తది వేస్తే పాతదేమైంది? అంతే. ఇన్‌స్పెక్టరుకు తట్టలేదు, సుప్రీంకోర్టుకు పని పడలేదు, బీటెక్ చదివే బిడ్డకు రాలేదు, నాకు సరేసరి. మెకానిక్ జామకాయ నమలడం ఆపి నన్ను చూశాడు. "సాబ్, కొంచెం లేవండ్రి" అన్నాడు.

లేచాను. కింది గోనెసంచి తీశాడు. దాని కింద చెక్క. చెక్క కింద నల్లటి జిడ్డుతో ఇంజన్. బండి కొన్న రోజు నేను కాలు మీద కాలేసుకుని, ఇంజన్ ఎట్లుందని అడిగింది దాని మీద కూర్చునే.

మా ఇంటామె గాజులకున్న పిన్నీసు తీసి, కొంగు నడుముకు దోపి, కింద కూర్చుంది. ఎండిన గ్రీజు పెచ్చులు పెచ్చులుగా లేచింది. పిన్నీసు మొన అంకె అంకె గాడిలో తిరిగింది. ఆర్సీ చూడకుండానే నంబరు పైకి చదివింది. అప్పటికే ఆమెకు నోటికొచ్చు. నేను ఆర్సీలో చూశాను. ఒక్క అంకె పోలేదు.

బోరు అరిగి, కనెక్టింగ్ రాడ్ పోతే దాన్ని దించి పక్కన పెట్టాడట. యాక్సిడెంటైన ఇంకో బుల్లెట్ ఇంజన్ తెచ్చి ఇందులో వేశాడట. దాని కాగితాలు డబ్బాలోంచి తీసి చూపించాడు కూడా. నా గుండెలో జీపులు అప్పుడాగాయి. తర్వాత జరిగిన బేరం నాకు సగమే అర్థమైంది, అంతా కన్నడంలో నడిచింది. తేలింది మాత్రం ఇది: ఆ ఇంజన్ ఆయనకు వాపసు. ఈ ఇంజన్‌కు బోరింగ్ చేయించి, పిస్టన్ కొత్తది వేసి బండికి ఎక్కించాలి. సామానుకు మేం, కూలికి ఆయన. సామాను ఖర్చు సరిగ్గా నేను ఇంట్లో తగ్గించి చెప్పిన పదిహేను వేలంత అవుతుందని కూడా ఆమే లెక్క చెప్పింది. జామకాయల్లో సగం తిరిగి సంచీలోకి వచ్చాయి.

ఇంజన్ ఎక్కింది. ప్రింట్లు కలిశాయి. బీదర్ నుంచి ఎన్‌ఓసీ వచ్చింది. ఇక ఇక్కడ ఫారం 27 కొత్త నంబరుకు, ఫారాలు 29, 30 పేరు మార్పుకు, పొల్యూషన్, ఇన్సూరెన్సు, వయసును బట్టి లైఫ్ ట్యాక్సు. అన్నీ ఒక ఫైల్లో గుదిగుచ్చి, తల దువ్వుకుని, అదే బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డాను. ఆయన బండి నంబర్లు చూశాడు, తలూపాడు. తర్వాత నా కాగితాలు చూశాడు. మళ్లీ ఆ నవ్వే.

నా పేరులో చివర ఒక 'అయ్య' ఉంది. ఆధార్‌లో ఉంది. డ్రైవింగ్ లైసెన్సులో ఆ అయ్య ఎగిరిపోయాడు. పాన్ కార్డులో అయ్య ఉన్నాడు గానీ, ఇంటిపేరు ముందునుంచి వెనక్కి పోయి, నడుమ ఒక అక్షరం పోగొట్టుకుంది. ఏటా పదో తరగతి నామినల్ రోల్స్ రాసేటప్పుడు, ఆధార్‌లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఏంటని తల్లిదండ్రులను వరండాలో నిలబెట్టి గదమాయించేది నేనే. ఆ వరండా మీద నిలబడి చూస్తే ఎట్లుంటుందో ఆ రోజు చూశాను.

"సార్, బండి ఒక్కటయింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇప్పుడు మీరు ముగ్గురున్నరు. ఎవలి పేరు మీద జెయ్యాలె?"

నేను సమాధానం వెతుక్కుంటుండగా వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి బల్ల మీద ఆధార్, పాన్ వరసగా పెట్టింది. ఒక్కటే పేరు, ఒక్కటే స్పెల్లింగు. ఫారం 30లో కొనుగోలుదారు సంతకం చోట ఆమె చక్కగా, గుండ్రంగా సంతకం చేసింది. నేను సాక్షిగా కూడా పనికిరాలేదు.

అట్లా మా ఇంటికి టీజీ 15 నంబరు బుల్లెట్ వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన రెండు చక్రాల బండికి ఆర్సీ రెన్యువల్ ఫీజు 2025లో 2,000 రూపాయలు చేశారు. 2022కు ముందు అది 300. ఆ డబ్బులు నేనే కట్టాలని, తాళంచెవి మాత్రం వంటింటి మేకుకే ఉండాలని మాట. సరుకులు తేవాలంటే స్ప్లెండర్. పెళ్లిళ్లకు, మా అత్తగారింటికి బుల్లెట్. వాడవాళ్లంతా దాన్ని 'మేడం బండి' అంటారు. నేను నడిపినా అదే పేరు.

మొన్న బొంబాయి రోడ్డు మీద పోలీసులు ఆపారు. కొత్త నంబరు, పాత బండి చూసి ఓ కుర్ర కానిస్టేబుల్ ఆర్సీ అడిగాడు. చదివాడు, నన్ను చూశాడు.

"బండి ఎవరిది పెద్దాయనా?"

'పెద్దాయనా' దగ్గరే సగం దిగిపోయాను. "మా ఇంటామెది" అన్నాను.

"ఆమె మీ ఇంటామె అని రుజువేమన్న ఉన్నదా?" అని నవ్వాడు, సరదాకే.

నేనూ నవ్వేసి, ముల్లు నడిమికి తెచ్చి, ఒక్క తన్నుకు స్టార్ట్ చేసి వచ్చేశాను. ఉంది గానీ, చూపించలేను. మా పెళ్లి పత్రికలో నా పేరు నాలుగో రకంగా ఉంది.